అమెరికా స్టీరియోకు మన కరెంటు

ప్రశ్న: అమెరికాలో పదిహేనేళ్లు ఉండి ఈ మధ్యే గుంటూరుకు తిరిగి వచ్చేశాం. వెంట తెచ్చుకున్న స్టీరియో ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయర్ల వెనుక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. ప్రయాణాల్లో వాడే 1600 వాట్ల చిన్న కన్వర్టర్‌కు తగిలిస్తే స్పీకర్లు గుయ్యిమంటున్నాయి, రికార్డు మీది పాట సాగదీసినట్టు వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ కన్వర్టర్‌ను తీసి పక్కన పెట్టండి. అరచేతిలో ఇమిడే పెట్టె 1600 వాట్లు ఇస్తోందంటే అందులో అంత శక్తికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేదన్నమాట. 230 వోల్టుల తరంగాన్ని ఎలక్ట్రానిక్ స్విచ్చితో ముక్కలుగా కోసి, సుమారు 110 వోల్టులకు సమానమైన వేడి పుట్టేలా చేయడమే దాని పని. హెయిర్ డ్రయర్‌కు అది చాలు. ఆంప్లిఫయర్‌కు మాత్రం అలా తెగిన తరంగం మోతను తెచ్చిపెట్టడమే కాక, దాని శిఖరం బాగా ఎత్తున ఉంటుంది కనుక లోపలి కెపాసిటర్లను కూడా దెబ్బతీయవచ్చు.

మీకు కావలసింది రాగి తీగ చుట్టిన, చేతికి బరువు తెలిసే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. ఆంప్లిఫయర్ వెనుక 300 వాట్లు అని ఉంటే కనీసం 500 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) సామర్థ్యం ఉన్నది, రెండు చుట్లు విడివిడిగా ఉండి ఎర్త్ కలిపినది తీసుకోండి. ఒకే చుట్టుతో చేసిన ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవకే అయినా మన ఇళ్ల వైరింగుకు నేను దాన్ని సూచించను. 120 వోల్టులు ఇచ్చేదాని కంటే 110 ఇచ్చేదే మేలు, ఎందుకంటే ఆంప్లిఫయర్ లోపల 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోరుకు మన 50 హెర్ట్జ్ కరెంటు వద్ద 120 వోల్టులిస్తే అమెరికాలో 144 వోల్టులిచ్చినంత భారం పడుతుంది, వేడెక్కుతుంది. పైగా మన లైనులో 240 వచ్చిన రాత్రి ఆ 110 కాస్తా 115 అవుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ను రికార్డు ప్లేయర్‌కు మీటరు దూరంలో ఉంచండి, లేకపోతే దాని అయస్కాంత క్షేత్రాన్ని ప్లేయర్ సూది ఉండే కార్ట్రిడ్జి పట్టుకుని మళ్లీ మోత మొదలవుతుంది. అయితే కొనబోయే ముందు ఆంప్లిఫయర్ వెనుక వోల్టేజి మార్చే మీట ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే దాన్ని 220 లేదా 230 వైపు తిప్పి, ప్లగ్గు మార్చి, ఫ్యూజు ఆ వోల్టేజికి తగినదో కాదో చూసుకుంటే సరిపోతుంది.

రికార్డు ప్లేయర్ సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుందే కానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న ప్లేయర్‌లో నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు ఇక్కడ 27.8 చుట్లే తిరుగుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడిన గాయని నాలుగు శ్రుతికి ఇంకాస్త దిగువన వినిపిస్తుంది. వినేవారికి అది ఎంత బాధో నాకు తెలుసు. రికార్డు లేబులు మీద చిన్న కాగితం ముక్క అంటించి మూడు నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. 83 దగ్గర ఆగితే తప్పు కరెంటుది, ఇంకేదైనా అంకె వస్తే బెల్టును అనుమానించండి.

83 వస్తే, పళ్లెం ఎత్తి మోటారు ఇరుసు మీద బెల్టు పట్టే చిన్న పుల్లీని చూడండి. మీ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే అది వేయించండి, దొరకకపోతే మంచి లేతు పనివారి చేత ఇప్పుడున్న వ్యాసానికి 1.2 రెట్లు ఉండేలా కొత్తది తీయించవచ్చు. బిగించాక మళ్లీ మూడు నిమిషాలు లెక్కపెడితే 100 చుట్లు రావాలి.