‘మన’ అనాలా, ‘మా’ అనాలా? – ఒంటరిగా చెప్పుకొనే ప్రార్థనలో బహువచనం

సందేహం: మాది కాజీపేట. రైల్వేలో పని చేస్తాను. కతోలికుణ్ని. గురువును (ఫాదర్‌ను) కాను, మఠవాసిని కాను, పిల్లలున్న గృహస్థును. కొన్నేళ్లుగా పొద్దున డ్యూటీకి పోయే ముందు ఉదయ ప్రార్థన, ఇంటికొచ్చాక సాయంకాల ప్రార్థన బైబిలు కీర్తనలతో, మా ప్రార్థన పుస్తకంలోని క్రమం ప్రకారం చెప్పుకుంటున్నాను. మామూలు రోజుల్లో ఒక్కణ్నే. ఆదివారం మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుంటాం. నాలుగు సందేహాలు. ఒక్కణ్నే ఉన్నప్పుడు ‘రండి, సంతోషగానము చేయుదము’ అని చదవడం వింతగా ఉంటుంది. దాన్ని ‘చేసెదను’ అని మార్చుకోవచ్చా? చివర ‘ప్రభువు మనలను ఆశీర్వదించి...’ అని ఉంటే, ‘మమ్మును’ అనాలని మా అమ్మాయి అంటుంది. ఎవరి మాట సరి? మా బావమరిది వాళ్లది డోర్నకల్ వైపు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ఆయన ‘మా పెదవులను తెరువుము’ అంటాడు, నేను ‘నా పెదవులను’ అంటాను. ఇంకొకటి: మా ఇంట్లో ‘ప్రభువా, ఈ రాత్రి మనలను కాపాడు’ అని ప్రార్థించడం అలవాటు. ఇది తప్పా? అందరికీ ఇవ్వడానికి ఒక కాగితం రాసుకుంటున్నాను కాబట్టి అడుగుతున్నాను.

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మిగతా మూడింటికీ తాళం చెవి అందులోనే ఉంది.

‘ప్రభువా, మనలను కాపాడు’ అన్నది తప్పే. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వినేవాణ్ని పక్కన పెట్టి చెబితే ‘మేము’, వినేవాణ్ని కలుపుకొని చెబితే ‘మనము’. ‘మేం సినిమాకు పోతున్నం’ అంటే నువ్వు రావట్లేదని. ‘మనం సినిమాకు పోతున్నం’ అంటే నువ్వూ ఉన్నావని. మీ వాక్యంలో వినేవాడు ప్రభువు. ఆయన్ని పిలిచి ‘మనలను కాపాడు’ అంటే, కాపాడవలసినవాళ్లలో ఆయన్ని కూడా చేర్చినట్టు. అడిగేవాళ్లం మనం, ఇచ్చేవాడు ఆయన అయినప్పుడు ‘మమ్మును కాపాడు’ అనే అనాలి. ‘మన మధ్యకు రా ప్రభువా’ కాదు, ‘మా మధ్యకు రా’. ‘మన దేవా’ అనే సంబోధనే లేదు, ‘మా దేవా’ అనే ఉంది.

ఈ పొరపాటు మీ ఇంట్లోదే కాదు. వరంగల్, హనుమకొండ ప్రార్థన కూటాల్లో తరచూ వినిపిస్తుంది, కారణం కూడా తేలిగ్గానే తెలుస్తుంది. ప్రార్థన నడిపించేవాళ్లు ఒక క్షణం కూర్చున్నవాళ్లతో మాట్లాడతారు, మరుక్షణం దేవుడితో మాట్లాడతారు. ‘మనం ప్రార్థన చేద్దాం’ అన్న మాటలోని ‘మనం’ నోట్లో అలాగే ఉండిపోయి, ‘ప్రభువా’ అన్నాక కూడా వచ్చేస్తుంది. దానికి తోడు మన వైపు ‘మన’ అనే మాటలో చనువు ఎక్కువ. ‘మనోళ్లే’ అంటే అడ్డుగోడ పోయినట్టే. దేవుడితో ఆ చనువు ఉండాలనే కొందరు ‘మన’ అంటారని నాకు తెలుసు. యేసుకున్న ఇమ్మానుయేలు అనే పేరుకు అర్థం ‘దేవుడు మనకు తోడు’ కదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. అయితే ఆ అర్థాన్ని మత్తయి సువార్త చెబుతున్నది చదివేవాళ్లకు, అందుకే అక్కడ ‘మనకు’ వచ్చింది. అదే సంగతి దేవుడితో చెప్పాల్సి వస్తే ‘నీవు మాకు తోడుగా ఉన్నావు’ అంటాం. దానివల్ల చనువేమీ తగ్గదు.

ఈ తేడా హీబ్రూలో, గ్రీకులో, లాటిన్‌లో లేదు. ఇంగ్లీషులోనూ లేదు. వరంగల్‌లో మన పక్కింటివాళ్లు మాట్లాడే ఉర్దూలో ‘హమ్’ అన్న ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది. తమిళంలో మాత్రం నాంగళ్, నామ్ అని మనలాగే రెండున్నాయి. అంటే కీర్తనలను తెలుగులోకి తెచ్చినవాళ్లు ‘మేము–మనము’ విషయంలో మూలాన్ని చూసి రాసేస్తే సరిపోలేదు. ప్రతిచోటా ఆగి, ‘ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు?’ అని తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ తేల్చుకోవడం వాళ్లు ఎంత జాగ్రత్తగా చేశారో చూడండి. 90వ కీర్తన దేవుణ్ని పిలుస్తూ మొదలవుతుంది: ‘ప్రభువా, తరతరములనుండి మాకు నివాసస్థలము నీవే.’ 46వ కీర్తన దేవుడి గురించి తోటివాళ్లకు చెబుతుంది: ‘దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు.’ భావం దాదాపు ఒకటే. ఒకచోట ‘మాకు’, ఇంకోచోట ‘మనకు’. మార్కు సువార్తలో తుఫాను వచ్చినప్పుడు శిష్యులు యేసును లేపి ‘మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా’ అంటారు. ఆయనా అదే పడవలో ఉన్నాడు కదా, ‘మనము’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. అయినా అనువాదకులు ‘మేము’ అన్నారు. మునిగేది తామే, ఆయన కాదు అన్న నమ్మకం ఆ ఒక్క సర్వనామంలో పెట్టారు. నాకు ఎంతో ఇష్టమైన ఎంపిక అది.

నేను ఇక్కడ ఉదహరిస్తున్నవి తెలుగు ప్రొటెస్టంట్లు వాడే బైబిలులోని పాఠాలు. కతోలిక పుస్తకాల్లో మాటలు వేరుగా ఉంటాయి. ‘మా’, ‘మన’ల సూత్రం రెండింటికీ ఒకటే.

ఇప్పుడు మీ అసలు సందేహం. ‘రండి, చేయుదము’ అన్నది 95వ కీర్తన. ‘రండి యెహోవానుగూర్చి ఉత్సాహధ్వని చేయుదము, మన రక్షణ దుర్గమునుబట్టి సంతోషగానము చేయుదము.’ రోజు ప్రార్థన మొదలుపెట్టడానికి పూర్వం నుంచి వాడుతున్న పిలుపు ఇది. దీని బదులు 100, 67, 24 కీర్తనలు కూడా చెప్పుకోవచ్చు. ‘చేయుదము’ అన్న క్రియారూపం తోటివాళ్లను కలుపుకొని పనికి పిలిచేది. మన మాటల్లో ‘పోదాం పా’ అన్నట్టు. ‘పోదాం’ అన్నామంటే పక్కన ఒకరున్నట్టే. అందుకే మీకు వింతగా అనిపించింది, అది సరైన స్పందనే.

ఒక్క మాట, కాగితం రాస్తున్నారు కాబట్టి. ‘చేయుదము’, ‘చేయుదుము’ ఒకటి కావు. మొదటిది ‘చేద్దాం’. రెండోది ‘చేస్తాం’. ‘ద’కు కొమ్ము పడితే అర్థం మారిపోతుంది. ‘చేసెదము’ కూడా ‘చేస్తాం’ అనే. దేవుణ్ని ‘నిన్ను’ అని సంబోధించిన వాక్యంలో ‘స్తుతించుదము’ ఉండకూడదు. ‘నిన్ను స్తుతించుదుము’, ‘నిన్ను స్తుతించెదము’, ‘నిన్ను స్తుతించుచున్నాము’, ఈ మూడిట్లో ఏదైనా సరే. చేత్తో రాసిన ప్రార్థనల్లో ఈ కొమ్ము పోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇక మార్చుకోవచ్చా అంటే, మార్చవద్దనే నా సలహా. దీనికి సగం కారణం ఆ ప్రార్థన స్వభావంలో ఉంది, సగం మన భాషలో ఉంది.

‘దినమునకు ఏడు మారులు నేను నిన్ను స్తుతించుచున్నాను’ అని 119వ కీర్తన. పేతురు, యోహాను పగలు మూడు గంటల ప్రార్థన వేళకు దేవాలయానికి వెళ్తున్నారని అపొస్తలుల కార్యములు. ఇలా వేళలు పెట్టుకొని కీర్తనలు చెప్పడం మఠాల్లో క్రమంగా స్థిరపడింది. ఆ తర్వాత చాలాకాలం అది గురువుల, మఠవాసుల విధి అన్నట్టే సాగింది. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పుల సభ) ఆరాధన గురించి ఇచ్చిన పత్రం గృహస్థులు కూడా ఈ ప్రార్థన చెప్పాలని ప్రోత్సహించింది. గురువులతో కలిసి కానీ, తమలో తాము కూడి కానీ, చివరికి ఒక్కొక్కరుగా కానీ చెప్పవచ్చు అంది. ఉదయ, సాయంకాల ప్రార్థనలు రెండూ రోజంతటి ప్రార్థనకు తలుపు బందుల్లాంటివని అన్నదీ ఆ పత్రమే. మీరు పట్టుకున్నవి సరిగ్గా ఆ రెండే. తర్వాత 1971లో ఈ ప్రార్థన క్రమానికి వచ్చిన నిర్దేశాల్లో మీ సందేహానికి నేరుగా పనికొచ్చే మాట ఉంది: ఈ ప్రార్థనలో కీర్తన చెప్పేవాడు తన పేరుతో కన్నా క్రీస్తు శరీరమంతటి పేరుతో చెబుతాడు, ఒంటరిగా చెప్పినా అంతే. డ్యూటీలో నానా టెన్షన్ పడి ఇంటికొచ్చిన రోజున కూడా పుస్తకంలో ‘సంతోషగానము’ ఉంటే సంతోషగానమే చెప్పాలి. ఆ వేళకు సంతోషంగా ఉన్నవాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్లతో గొంతు కలుపుతున్నారు. కాబట్టి ‘రండి’ అని మీరు ఎవరిని పిలుస్తున్నారంటే, ఆ పొద్దున అదే కీర్తన చేతిలో పట్టుకున్న అందర్నీ. వాళ్లూ మిమ్మల్ని పిలుస్తున్నారు. ‘చేసెదను’ అని మార్చారంటే ఆ పిలుపు ఆగిపోతుంది.

రెండోది భాష. ఒక్కడే ఉన్నా బహువచనం వాడటం తెలుగువాళ్లకు కొత్త కాదు. మీ ఉత్తరం మొదటి మాట చూడండి: ‘మాది కాజీపేట.’ ‘నాది కాజీపేట’ అనలేదు. తోబుట్టువులు లేనివాడు కూడా ‘మా అమ్మ’, ‘మా నాన్న’ అనే అంటాడు. ‘నా అమ్మ’ అంటే మన చెవికి ఏదోలా ఉంటుంది. పుట్టిన ఇల్లు, ఊరు, కన్నవాళ్లు ఒక్కరి సొత్తు కావని మన భాష అనుకుంటుంది. అందుకే ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని ఒంటరిగా చెప్పినప్పుడు మీకు ఎన్నడూ వింతగా అనిపించి ఉండదు. దీని తిరగేసింది కూడా నిజమే. ఆదివారం మీ ఇంట్లో అందరూ కలిసి ‘యెహోవా నా కాపరి’ అంటారు, ‘మా కాపరి’ అని ఎవ్వరూ దిద్దరు. ఈ ప్రార్థనలో ఒకడు ‘మనము’ అంటాడు, పదిమంది ‘నేను’ అంటారు. రెండూ ఉన్నది ఉన్నట్టే చెప్పుకోవాలి.

మీ బావమరిదితో వచ్చిన తేడా కూడా ఇక్కడిదే. ‘ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము’ అని 51వ కీర్తనలో ఏకవచనమే ఉంది. కతోలిక క్రమం దాన్ని అలాగే ఉంచింది. ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) ప్రార్థన గ్రంథం మాత్రం సంఘమంతా కలిసి చెప్పేది కదా అని ‘మా పెదవులు’ చేసింది. సీఎస్ఐ 1947లో ఏర్పడక ముందు డోర్నకల్ ఆంగ్లికన్ అధ్యక్ష పీఠం. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు 1912 నుంచి నడిపించినది. మీ బావమరిది ఇంట్లో వినిపించేది ఆ సంప్రదాయం. ఇద్దరిదీ సరే. కలిసి కూర్చున్న రోజున ఎవరి పుస్తకం తెరిస్తే ఆ మాట చెప్పుకోండి. ‘మీ నామము పూజింపబడును గాక’ అని మీరు, ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అని ఆయన చెప్పడం కూడా ఇలాంటిదే. దేవుణ్ని మీరు అన్నా, నీవు అన్నా తెలుగుకు ఇబ్బంది లేదు. ఒకే ప్రార్థనలో రెండూ కలపకపోతే చాలు.

చివరిది, మీ అమ్మాయి మాట. ప్రార్థనలో ఉన్నదంతా దేవుడితోనే చెబుతున్నాం కాబట్టి ‘మమ్మును’ ఉండాలని ఆమె అనుకొని ఉంటుంది. ఆమె ఆలోచించిన దారి మంచిదే, ఆ వాక్యానికి మాత్రం సరిపోదు. గురువు ఉన్నచోట ఆయన ‘మిమ్మును’ అని ఆశీర్వదిస్తాడు, ఎందుకంటే ఆశీర్వదించే అధికారంతో ఎదుటివాళ్లకు చెబుతున్నాడు. గృహస్థులు నడిపించినప్పుడు ‘మిమ్మును’ అనకూడదు, తననూ కలుపుకొని చెప్పాలి అన్నది క్రమం. అందుకే అది ‘ప్రభువు మనలను ఆశీర్వదించి, సకల కీడునుండి కాపాడి, నిత్యజీవమునకు చేర్చును గాక’ అయింది. ఇందులో ప్రభువు ప్రథమ పురుషలో ఉన్నాడు. ఆయన్ని పిలవడం లేదు, ఆయన గురించి కూర్చున్నవాళ్లు ఒకరికొకరు కోరుకుంటున్నారు. ‘గాక’ను చూసి మోసపోవద్దు, అది ‘నీ రాజ్యము వచ్చును గాక’ అని దేవుడితో చెప్పేచోటా వస్తుంది. చూడాల్సింది ‘ప్రభువు’ ఉందా, ‘ప్రభువా’ ఉందా అన్నది. అమ్మాయికి ‘మమ్మును’ అనే ఇష్టమైతే వాక్యమంతా మార్చాలి: ‘ప్రభువా, మమ్మును ఆశీర్వదించి, నిత్యజీవమునకు చేర్చుము.’ అయితే అది వేరే ప్రార్థన అవుతుంది, పుస్తకంలోది కాదు.

విజ్ఞాపనల (వరసగా చేసే మనవుల) దగ్గర కాస్త ఎక్కువ జాగ్రత్త పడండి. అక్కడ ఒకే పేజీలో మాట రెండు వైపులా తిరుగుతుంది. నడిపించేవాళ్లు చెప్పే మొదటి వాక్యం తోటివాళ్లకు: ‘మనలను ప్రేమించిన క్రీస్తును వేడుకొందము.’ వెంటనే వచ్చే మనవులు క్రీస్తుకు: ‘మా పనులను దీవించుము.’ ఆ మొదటి వాక్యాన్నీ మనవులనూ మీ కాగితంలో ఒకే పేరాగా కలిపేయకుండా విడివిడి వరుసల్లో రాయండి. ‘ఈ రాత్రి మనలను కాపాడు’ అన్నచోట ‘మమ్మును’ అని దిద్దండి. 95వ కీర్తనను, చివరి ఆశీర్వాదాన్ని ఉన్నట్టే ఉంచండి.