కాపలా కుక్కకు వడదెబ్బ, ముక్కు మీద పుండు

ప్రశ్న: మాకు ఆనందపురం దగ్గర జీడిమామిడి తోట ఉంది. కాపలాకు రెండు కుక్కలు. నల్లది మొన్న మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కట్టేసి ఉండగా తెగ రొప్పి, తూలి పడిపోయింది. నీళ్లు పోస్తే లేచింది. తెల్లదానికి ముక్కు పైన, చెవుల అంచుల్లో ఎర్రగా కంది చెక్కులు కడుతున్నాయి. గజ్జి అనుకుని వేపనూనె రాస్తున్నా తగ్గడం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: నల్లదానికి తగిలింది వడదెబ్బే అనిపిస్తోంది. లేచి తిరుగుతోంది కదా అని వదిలేయకండి, వెంటనే పశువైద్యుడికి చూపించండి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటే ఆ లక్షణాలు రెండు మూడు రోజులకు గానీ బయటపడవు. మూత్రం తగ్గినా, వాంతులు లేదా నెత్తురు విరేచనాలు అయినా అసలు ఆలస్యం చేయవద్దు.

రెంటచింతలలా మనకు 45 డిగ్రీలు లేవు కదా అని విశాఖ వైపు చాలామంది ధీమాగా ఉంటారు. కుక్క విషయంలో ఆ లెక్క పనికిరాదు. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల మెత్తల్లోనే కాస్త పడుతుంది. నాలుక చాపి రొప్పుతూ, నోట్లో తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. మన తీరంలో గాలి నిండా తేమే. ఆ తడి త్వరగా ఆరదు. అందుకే 35 డిగ్రీల ఉక్కపోత కూడా కుక్కను పడేస్తుంది. పైన రేకు, మెడకు గొలుసు ఉంటే ఇక చెప్పేదేముంది!

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణాపాయం. చిగుళ్లు ఎర్రబడి, చిక్కటి చొంగ కారుస్తూ, అడుగు తడబడితే వెంటనే నీడకు చేర్చి మామూలు నీళ్లు ఒళ్లంతా ధారగా పోయండి. పొట్ట, గజ్జల భాగం బాగా తడవాలి. ఫ్యాన్ పెట్టండి, లేదా చేటతో విసరండి. తడి గోనె కప్పి ఉంచితే లోపలి వేడి పోదు. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. పారాసిటమాల్ అసలు వేయకండి, అది వడదెబ్బకు పనిచేయకపోగా కుక్కలకు విషం కావచ్చు. వేడి 103కు దిగాక నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసినా, వాహనం వచ్చేదాకా తడపడం మానవద్దు.

ఇక నుంచి రేకుల కింద కట్టకండి. పొద్దున నీడ ఉన్నచోట మధ్యాహ్నానికి ఎండ పడుతుంది, గొలుసున్న కుక్క నీడతో పాటు జరగలేదు. పగలు జీడిమామిడి చెట్ల కింద వదలండి. లేదంటే సముద్రపు గాలి వచ్చే వైపు తెరిచి ఉండేలా తాటాకు పాక వేయండి. నీళ్లకు గిన్నె కాకుండా మట్టి తొట్టి సగం నేలలో పాతితే వేడెక్కదు, కాలు తగిలి ఒలికిపోదు.

తెల్లదానిది గజ్జి కాకపోవచ్చు. గులాబీ రంగు ముక్కు, పల్చటి బొచ్చున్న చెవులకు ఎండను ఆపే నల్లరంగు పదార్థం తక్కువ, అందుకే అక్కడ చర్మం కమిలిపోతుంది. వేపనూనె ఆపండి. చర్మం గీకి పరీక్ష చేయిస్తే గజ్జి పురుగు ఉందో లేదో తేలుతుంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలోకి వదలకండి. మనం రాసుకునే సన్‌స్క్రీన్ వద్దు. చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, కుక్క దాన్ని నాకితే వాంతులు అవుతాయి, ఎక్కువైతే రక్తహీనత వస్తుంది. కుక్కల కోసమే తయారైనది డాక్టరు చెబితే వాడండి. ఏటా ఎండకు ఇలా కమిలే చోట కొన్నాళ్లకు క్యాన్సర్ పుండు పుట్టవచ్చు. కాబట్టి నీడలో ఉంచినా రెండు మూడు వారాల్లో మానకపోతే పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని డాక్టరును అడగండి.