పాప తల ఎత్తి ఆడాలంటే లైట్లు కొట్టించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. "పరుగుంది, చెయ్యి బాగుంది, కానీ తల ఎత్తదు, పక్కన ఎవరున్నారో చూడదు" అంటున్నారు పీఈటీ సారు. టౌన్లో ఒకచోట వెలిగే లైట్లు తట్టిస్తూ మెదడుకి చురుకుదనం నేర్పుతామని ఆరు వారాలకి 18,000 అడుగుతున్నారు. కట్టమంటారా? అసలీ ఆటతో రేపు ఏదైనా ఆధారం ఉంటుందా?

జవాబు: కట్టకండమ్మా. లైట్లు తడితే లైట్లు తట్టడం బాగా వస్తుంది. కోర్టులో లైటు వెలగదు. ఎదుటి పిల్ల ఏ కాలు ముందుకేసిందో కనిపెట్టి ఆ పక్క నుంచి దూరిపోవాలి.

1980లో ఫ్రాన్ అల్లార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ ఆట ఆడేవాళ్ళకీ ఆడనివాళ్ళకీ మ్యాచ్ ఫొటోలు కాసేపు చూపించి, ఎవరెక్కడున్నారో గుర్తుచేసుకోమన్నారు. జట్టు పద్ధతిగా ఆడుతున్న ఫొటోల్లో ఆటగాళ్ళదే పైచెయ్యి. అంతా చెల్లాచెదురైన ఫొటోల్లో మాత్రం ఇద్దరూ ఒకటే. ఆటగాళ్ళకి జ్ఞాపకశక్తి ఎక్కువై కాదు, ఆట తెలిసి కనపడింది.

పాప తల ఎత్తకపోవడానికి కారణం, చెయ్యి ఇంకా బంతిని నమ్మకపోవడం. మా అమ్మమ్మ అచ్చనగాయలు ఆడుతుంటే కన్నంతా పైకెగిరిన కాయ మీదే ఉండేది. కింద నాలుగు కాయల్నీ చెయ్యే వెతుక్కునేది. మనకి కావలసింది అదే.

ముందు బంతి మీద అంకె చూడండి. 7 అని ఉంటే అది మగపిల్లల బంతి. అమ్మాయిలకి 6, చుట్టుకొలత సుమారు 73 సెంటీమీటర్లు. చాలా బళ్ళలో ఉన్న ఒక్క బంతితోనే అందరూ ఆడేస్తారు, చిన్న చేతులకి అది పట్టు చిక్కదు. పైగా ఈ వయసులో పిల్లలు గబగబా పొడుగవుతారు. కొన్నాళ్ళు తడబడినా తిట్టకండి.

సాయంత్రం మీరు అరుగు మీద కూర్చుని వేళ్ళు చూపించండి. బంతి కొడుతూనే ఎన్ని వేళ్ళో పాప చెప్పాలి. అది తేలికయ్యాక ఆపేయండి, ఎందుకంటే మ్యాచ్‌లో ఎవరూ వేళ్ళు చూపించరు. ఇక ఇంట్లో ఎవర్నైనా ఎదురుగా నిలబెట్టండి. వాళ్ళు ఏ కాలు ముందుకేస్తే ఆ కాలి పక్క నుంచే వెళ్ళాలి, వెనక్కి తిరిగి అడ్డుకోవడం వాళ్ళకి కష్టం. తర్వాత ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు. చిన్న జట్లయితే ఒక్కొక్కరికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది, నిర్ణయాలూ ఎక్కువే. ఖోఖో ఆడితే మానిపించకండి, అదీ ఇదే చదువు.

రింగుకి వేసేటప్పుడు ఒకేచోట నుంచి యాభైసార్లు వద్దు, ప్రతిసారీ చోటు మార్చమనండి. ఆ పూట తక్కువ పడతాయి, ఏమీ రానట్టే ఉంటుంది. నిలిచేది మాత్రం అలా నేర్చుకున్నదే. దూకి దిగినప్పుడు మోకాళ్ళు లోపలికి వంగుతున్నాయేమో సారుని గమనించమనండి. అమ్మాయిలకి మోకాలి లిగమెంటు దెబ్బ అబ్బాయిలకన్నా ఎక్కువ. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ వద్దు.

ఇక ఆధారం సంగతి. ఈ ఆటే జీతంగా బతికేవాళ్ళు మన దేశంలో బహుకొద్దిమంది. దాని చుట్టూ దారులున్నాయి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 పోటీల సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచండి, స్పోర్ట్స్ కోటాకి అవే అడుగుతారు. రైల్వేలో ఆటగాళ్ళకి ఉద్యోగాలున్నాయి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, వ్యాయామ టీచర్ల కోర్సు బీపీఈడీ చేయవచ్చు. కోచ్ అవ్వాలంటే పటియాలాలో 1961 నుంచి నడుస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్‌లో డిప్లొమా ఉంది. బైపీసీ ఇష్టమైతే ఫిజియోథెరపీ.

నా భయమల్లా పదో తరగతి తర్వాతి జూన్ గురించి. మన కోనసీమ పిల్లల్ని ట్రంకుపెట్టెతో సహా రెసిడెన్షియల్ కాలేజీలో దింపేస్తాం, పొద్దున్నే స్టడీ అవర్ మొదలు, బంతి ఇంట్లో మంచం కింద. చేర్చేముందు రెండే అడగండి: కోర్టు ఉందా, అండర్-19 సెలెక్షన్లకి పంపుతారా? నసిగితే రోజూ ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీ చూడండి. ఆ 18,000 అప్పటి బస్సు ఖర్చులకి ఉంచండి.