సందేహాలు – సమాధానాలు: ఒప్పందాలన్నీ కాంట్రాక్టులా?

సందేహం: నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. పెళ్ళితో ఆగిపోయిన చదువు పదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టి బి.కాం. చదువుతున్నాను. క్లాసులు ఆదివారాలు. బిజినెస్ లా పేపరు తెలుగులో రాస్తున్నాను. 'ఆల్ కాంట్రాక్ట్స్ ఆర్ అగ్రిమెంట్స్, బట్ ఆల్ అగ్రిమెంట్స్ ఆర్ నాట్ కాంట్రాక్ట్స్' అన్నదాన్ని 'అన్ని కాంట్రాక్టులూ ఒప్పందాలే, కానీ అన్ని ఒప్పందాలూ కాంట్రాక్టులు కావు' అని రాశాను. మా సార్ చదివి, 'అయితే ఒక్క ఒప్పందం కూడా కాంట్రాక్టు కాదా?' అన్నారు. నా వాక్యం తప్పా? కాంట్రాక్టుకి 'ఒడంబడిక' అని రాయొచ్చా? ఆఫర్‌ని ఆఫర్ అనే రాస్తే పోదా? వాయిడ్, వాయిడబుల్ రెండిటికీ 'చెల్లని' అంటే మార్కులు పోతాయని టెన్షన్‌గా ఉంది. చివరిగా, 'ఒడంబడిక', 'వడంబడిక'లలో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ వాక్యం తప్పు కాదు. మీ సార్ అడిగిన ప్రశ్నా తప్పు కాదు. చిక్కంతా 'అన్ని' అనే మాటా, 'కావు' అనే మాటా ఒకే వాక్యంలో కలవడంలో ఉంది.

పట్నం బజారు నుంచి వచ్చినాయన 'ఇవాళ అన్ని కొట్లూ తియ్యలేదు' అన్నాడనుకోండి. ఒక్క కొట్టూ తియ్యలేదనా? కొన్ని తీశారు, కొన్ని తియ్యలేదనా? ఆయన ఎదురుగా ఉంటే మనకి అనుమానం రాదు. 'అన్నీ' దగ్గర గొంతు కాస్త ఒత్తి పలికితే కొన్ని తీశారని అర్థం. అదే మాట నిట్టూర్చినట్టు అంటే బజారంతా మూసే ఉందని అర్థం. కాగితం మీద ఆ గొంతు ఉండదు. అందుకే మీ సార్‌కి ఆ ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషు వాక్యంలోనూ ఇదే లోపం ఉంది. చదివి చదివి అలవాటైపోవడం వల్ల ఎవరికీ కనపడదు, అంతే.

మరి తెలుగువాళ్ళు ఇలాంటి మాట ఎలా చెప్పుకున్నారు? 'తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు' అన్నారు. ఇది విని లోకంలో తెల్లగా ఉన్నదేదీ పాలు కాదని ఎవరూ అనుకోరు. కాబట్టి 'అన్ని ఒప్పందాలూ' అని మొదలుపెట్టకుండా, సామెత వరసలో 'ఒప్పందాలన్నీ కాంట్రాక్టులు కావు' అనండి. వినడానికి సహజంగా ఉంటుంది, అర్థమూ చాలావరకు నిలుస్తుంది. అయినా పాలు తెల్లగా ఉంటాయని ముందే తెలుసు కాబట్టే సామెత అంత తేలిగ్గా బోధపడింది. కాంట్రాక్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఆ సదుపాయం లేదు. అందుకని పరీక్షలో ఇంకో అడుగు ముందుకు వేసి 'కానక్కర్లేదు' అని రాయండి: 'ప్రతి కాంట్రాక్టూ ఒప్పందమే, ప్రతి ఒప్పందమూ కాంట్రాక్టు కానక్కర్లేదు.' 'కాదు' అంటే లేదని తోసెయ్యడం. 'కానక్కర్లేదు' అంటే అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. మీ సార్ ప్రశ్నకి ఇక చోటుండదు.

నన్నడిగితే ఆ సూత్రం కంటే అసలు చట్టంలోని వాక్యమే తెలుగుకి బాగా ఒదుగుతుంది. భారత కాంట్రాక్టు చట్టం 1872 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. అందులో 10వ సెక్షన్ ఏ ఒప్పందాలు కాంట్రాక్టులు కావో చెప్పదు, ఎప్పుడు అవుతాయో చెబుతుంది. దాన్ని మన మాటల్లో పెడితే ఇలా వస్తుంది: 'ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్ళు, స్వేచ్ఛగా ఒప్పుకొని, న్యాయసమ్మతమైన ప్రతిఫలానికీ ఉద్దేశానికీ చేసుకుంటే, చట్టం దాన్ని ప్రత్యేకంగా చెల్లదని చెప్పకపోతే, ఆ ఒప్పందం కాంట్రాక్టు అవుతుంది.' 'చేసుకుంటే', 'చెప్పకపోతే', 'అవుతుంది'. బరువంతా క్రియల మీద నడిచింది చూడండి. మీరు అనువదించిన ఇంగ్లీషు సూత్రం రెండు నామవాచకాలు పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తుంది. తెలుగు అదే తేడాని క్రియలతో చూపిస్తుంది. మీ తక్కిన సందేహాలకి కూడా దారి ఇటే ఉంది.

ఇక మాటల సంగతి. 'ఒప్పందం' మన సొంత మాట. 'ఒప్పు' అంటే తగి ఉండడం, సరిపడడం. తప్పుకి ఎదురుమాట అదే, 'సరే' అనడమూ అదే. ఒప్పుకోలు, ఒప్పుదల, ఒప్పగింత అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇద్దరికీ సరిపడిన మాట ఒప్పందం. దాంట్లో కోర్టు ప్రసక్తి లేదు. కాబట్టి అగ్రిమెంటుకి 'ఒప్పందం' అతికినట్టు సరిపోతుంది.

'ఒడంబడిక' అర్థంలో ఒప్పందానికి దూరమేమీ కాదు. ఒడంబడు అన్నా ఒప్పుకొను అన్నా ఒకటే. అయితే వాడుకలో అది పెద్దవాళ్ళ మాట అయిపోయింది. రాజ్యాలకీ రాజ్యాలకీ మధ్య, ప్రాంతాలకీ ప్రాంతాలకీ మధ్య కుదిరేదాన్ని ఒడంబడిక అంటున్నాం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారింట్లో కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్నదాన్ని 'శ్రీబాగ్ ఒడంబడిక' అంటాం. శ్రీబాగ్ ఆ ఇంటి పేరు. దాన్ని పట్టుకుని ఏ కోర్టుకీ వెళ్ళడానికి లేదు. అయినా 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ మాట మన్నించే రాజధాని కర్నూలుకి వెళ్ళింది, మరుసటి ఏడు హైకోర్టు మీ గుంటూరుకి వచ్చింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్నదాని పేరే 'పెద్దమనుషుల ఒప్పందం'. పెద్దమనుషుల మాట తప్ప వేరే పూచీ లేదని ఆ పేరులోనే ఉంది. అదెలా నడిచిందో, ఎంత రగిలిందో అందరికీ తెలుసు. ఈ రెండూ మన చరిత్రలో ఎంతో బరువైనవి, ఏదీ మీ పుస్తకం చెప్పే కాంట్రాక్టు కాదు. అలాంటప్పుడు కాంట్రాక్టుకి 'ఒడంబడిక' అని రాస్తే చట్టబలం ఉన్నదానికి చట్టబలం లేనిదాని పేరు పెట్టినట్టవుతుంది. వద్దు.

'కాంట్రాక్టు' అనే రాయండి. సంకోచం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. జనం నోట్లో ఆ మాటకి వేరే అర్థం స్థిరపడింది. రోడ్డు పని కాంట్రాక్టు, కాంట్రాక్టు ఉద్యోగం, కాంట్రాక్టు లెక్చరర్లు. పూర్వం 'గుత్త' అన్న చోట ఇప్పుడు కాంట్రాక్టు అంటున్నాం. అందుకని జవాబు మొదట్లోనే ఒకసారి 'చట్టం అమలుచేసే ఒప్పందమే కాంట్రాక్టు' అని నిర్వచించండి. 2వ సెక్షన్‌లో ఉన్నది ఆ ముక్కే.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పాలి. అరువుమాట వాడితే తెలుగు పాడవుతుందని కొందరు బాధపడతారు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో మనం ఎప్పటినుంచో ఎన్ని మాటలు అరువు తెచ్చుకున్నామో చూడండి. 'కౌలు' అరబీలో 'మాట' అని. 'వాయిదా' అక్కడ 'వాగ్దానం'. 'ఖరారు' స్థిరపడడం. 'దస్తావేజు' పారశీకం. మాట ఇవ్వడం అనే అర్థంతో వచ్చిన 'కౌలు' కృష్ణా డెల్టా పొలాల్లో ఎంతగా వేళ్ళూనుకుందంటే, కౌలు రైతు అన్నప్పుడు అది పరాయి మాటని ఎవరికీ తోచదు. 'వాయిదా' మాత్రం పాపం, వాగ్దానంగా వచ్చి కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, ఇవాళ కాదు ఇంకోరోజు అనే అర్థానికి చేరింది.

కానీ 'ఆఫర్' దగ్గర నా సలహా తిరగబడుతుంది. అక్కడ అరువుమాట వద్దు. లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ముందు 'ఆషాఢం ఆఫర్' అని బోర్డు ఉంటుంది. కాంట్రాక్టు చట్టం లెక్కలో అది మామూలుగా ఆఫర్ కాదు! ధర చీటీ అంటించి చీర అద్దాల్లో పెట్టడం 'వచ్చి అడగండి' అని పిలవడమే. చీర తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి 'ఇది నాకివ్వండి' అన్న మీరే అసలు ఆఫర్ చేసినవారు. కొట్టువాడు సరే అంటే ఒప్పందం. ఇంగ్లండులో 1953లో బూట్స్ మందుల కంపెనీ కేసులో తేలింది ఇదే, మీ పుస్తకంలోనూ ఉంటుంది. జవాబులో 'ఆఫర్' అని రాస్తే మీ మనసులో ఆ బోర్డు మెదులుతుంది, జవాబు తలకిందులవుతుంది. 'ప్రతిపాదన' అనండి. మన చట్టం ఇంగ్లీషు పాఠంలో కూడా ఈ అర్థంలో ఆఫర్ లేదు, ప్రపోజల్ అనే ఉంది. కొట్టువాడి పిలుపుని 'ప్రతిపాదనకు ఆహ్వానం' అనండి. వినాయకచవితి లడ్డూ వేలం గుర్తుపెట్టుకుంటే ఇంకా తేలిక. ఒక్కో పాటా ఒక్కో ప్రతిపాదన. 'మూడోసారి' అని పాట కొట్టేస్తే అంగీకారం. కొట్టేసేలోగా పాడినవాడు వెనక్కి తగ్గొచ్చు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ఇదే చెబుతుంది.

కన్సిడరేషన్‌కి 'ప్రతిఫలం' అనడం మీద మీరు అడగలేదు, మంచి మాటే, అలాగే ఉంచండి.

ఇప్పుడు వాయిడ్, వాయిడబుల్. మొదటిదానికి 'చెల్లని' బ్రహ్మాండమైన మాట. చెల్లు అంటే నడవడం, మారడం. చెల్లని నోటు ఎవరి చేతిలో ఉన్నా చెల్లదు. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత ప్రామిసరీ నోట్లు కొన్ని దొరికాయి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పైన 'కోరినప్పుడు తమకు గానీ, తమ అనుమతి పొందిన వారికి గానీ అసలు వడ్డీలు ఇచ్చి, నోటు చెల్లు పెట్టించుకుని తీసుకోగలవాడను' అని వంకరటింకర రాత. నోటు తిప్పితే వెనకవైపు 'చెల్లు' అని రాసి తేదీ, కొద్దిపాటి మొత్తం, మళ్ళీ సంతకం. మూడేళ్ళు నిండి నోటుకి కాలదోషం పట్టకుండా అప్పిచ్చినవాళ్ళు ముందే అలా చెల్లు వేయించుకునేవారు. అప్పు తీరినా చెల్లే, తీరకుండా కొంత జమ అయినా చెల్లే, నోటు బతికి ఉండాలన్నా చెల్లే. ఇంత పనిచేసిన మాటని వదిలి 'శూన్య ఒప్పందం' అని రాయనక్కర్లేదు. మైనరు రాసిన ఒప్పందం చెల్లదు. 1903లో మొహరీ బీబీ కేసులో, అప్పట్లో మన కేసులకి లండన్‌లో ఆఖరి కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ చెప్పింది అదే. ఎవరూ కొట్టెయ్యనక్కర్లేదు, పుట్టుకతోనే చెల్లదు.

వాయిడబుల్ అలాంటిది కాదు. అది చెల్లుతుంది. అన్యాయం జరిగినవాళ్ళు వద్దంటే అప్పుడు చెల్లదు. వద్దనే హక్కు వాళ్ళకే ఉంది, ఎదుటివాడికి లేదు. దీనికి 'రద్దు చేసుకోదగిన ఒప్పందం' అని రాయండి. 'రద్దు చేయదగిన' అనొద్దు. 'చేయదగిన' అంటే ఎవరైనా చెయ్యొచ్చు. 'చేసుకోదగిన' అన్నప్పుడు ఆ 'కొను' వచ్చి చేరి, ఎవరి కోసం అయితే వాళ్ళే చెయ్యాలని చెబుతుంది. వండడం వేరు, వండుకోవడం వేరు కదా! చట్టం ఒక పెద్ద వాక్యంతో చెప్పినదాన్ని మన వ్యాకరణం ఒక్క ప్రత్యయంతో చెప్పేసింది.

ఇదే 'కొను' ఇంకోచోట మీకు పనికొస్తుంది. ఫ్రీ కన్సెంట్, అంటే స్వేచ్ఛగా ఒప్పుకోవడం, అనే పాఠంలో రంగనాయకమ్మ కేసు ఉంటుంది, 1889, మద్రాసు హైకోర్టు. పదమూడేళ్ళ పిల్ల. భర్త పోయాడు. ఫలానా పిల్లవాణ్ణి దత్తత తీసుకుంటేనే శవాన్ని లేవనిస్తామని బంధువులు అడ్డుపడ్డారు. ఆ పిల్ల సరేనంది. ఆ దత్తత ఆమెను కట్టిపడెయ్యదని కోర్టు తేల్చింది. ఈ కేసు రాసేటప్పుడు 'స్వేచ్ఛాసమ్మతి లోపించినది' అని బిగించి రాయకండి. 'ఆమె ఒప్పుకోలేదు, ఆమెను ఒప్పించారు' అని రాయండి. దిద్దేవారికి మీకు పాఠం అర్థమైందని ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. నాకైతే ఆ పిల్లకి జరిగింది కూడా ఆ 'ఒప్పించారు'లోనే కనపడుతుంది.

ముందు ముందు బెయిల్‌మెంటు పాఠం వస్తుంది, 148వ సెక్షన్. దానికి భయపడకండి. రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తెచ్చి మీ కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తీసుకెళ్తాడే, అదే. సరుకు ఆయనది, కాపాడే బాధ్యత మీది, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. పాత తెలుగులో దీన్ని 'ఇల్లడ' అనేవారు. పరీక్షలో 'బెయిల్‌మెంట్' అనే రాయండి, ఉదాహరణకి మాత్రం పుస్తకంలోది వదిలేసి మీ గోదాములో టిక్కీలు రాయండి.

'ఒడంబడిక' సరైనది. 'వడంబడిక' తప్పు. 'ఒ'తో మొదలయ్యే మాటల్ని మనం 'వొ' అని పలుకుతాం, పాతవాళ్ళు అలాగే రాసేవారు కూడా. ఆ 'వొ' చేతిరాతలో ఒత్వం పోగొట్టుకుని 'వ' అయింది. తమిళంలో దీని తోడిమాట 'ఉడన్‌పడిక్కై'. 'ఉడన్' అంటే కలిసి. అక్కడ 'ఉ', ఇక్కడ 'ఒ'. 'వ'కి చోటు లేదు.