గుణమూ ఒక కొలతే

పోయిన సంచికలో యూదుల నీతిసాధన 'ముసార్' గురించి చిన్న పరిచయం వేశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. హీబ్రూలో గుణాన్ని 'మిద్దా' అంటారు. ఆ మాటకు అసలు అర్థం కొలత. పాఠకులు ఎక్కువగా తూకం గురించీ, భూమి గురించీ అడగడం చూస్తే ఆ మాట వాళ్లకు ముందే తెలుసేమో అనిపించింది.

*ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. ఆరో తరగతి చదివే బాబుతో హోంవర్కు దగ్గర రోజూ లొల్లే. అరుస్తాను, వాడు పడుకున్నాక బాధపడతాను. వారానికో గుణం చొప్పున 13 గుణాలను సాధన చేయమని మీరు రాసిన 13 వారాల పద్ధతి నాకు పనికొస్తుందా?*
— ఒక తల్లి, హన్మకొండ

పనికొస్తుంది. కాని 'కోపం తగ్గించుకోవాలి' అని మొదలుపెడితే మాత్రం రెండో వారానికే నోటుబుక్కు అటకెక్కుతుంది. కోపం లెక్కకు అందేది కాదు. 1808లో ఈ పద్ధతిని హీబ్రూలో పుస్తకంగా తెచ్చిన మెనాహెమ్ మెండెల్ లెఫిన్ 13 గుణాల జాబితాలో అసలు 'కోపం' అన్న మాటే పెట్టలేదు. చిన్న విషయాలకు మనసు చెదరకపోవడం, కష్టాన్ని ఓర్చుకోవడం, మాట మెల్లగా రావడం అని మూడు వేరువేరు గుణాలు పెట్టాడు. మీరు మూడోదానితో మొదలుపెట్టండి. మనసులో ఏం జరిగిందో లెక్కపెట్టలేం. గొంతు లేచిందా లేదా అన్నది పక్కింటివాళ్లు కూడా చెప్పగలరు.

నోటుబుక్కులో ఒక పేజీకి అడ్డంగా ఏడు గళ్లు, నిలువుగా 13 వరసలు గీయండి. గళ్లు వారంలోని రోజులు, వరసలు గుణాలు. ఈ వారం గుణాన్ని పై వరసలో రాసి, దాని పక్కన మీ మాటల్లోనే ఒక చిన్న వాక్యం పెట్టుకోండి. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఆ వాక్యాన్ని పైకి చదవాలి. రాత్రి అదే వేళకు, రెండు మూడు నిమిషాలకు మించకుండా, ఎన్నిసార్లు తప్పారో అన్ని చుక్కలు పెట్టాలి. ఎందుకు తప్పారో రాయొద్దు. రాయడం మొదలైతే అది మనల్ని మనం సమర్థించుకునే వకాల్తా అవుతుంది. వారం కాగానే తర్వాతి గుణం. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు, మొత్తం 52 వారాలు. ఈ లెక్క నిజానికి అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది, లెఫిన్ ఆయన నుంచే తీసుకున్నాడు. 19వ శతాబ్దంలో లిథువేనియాలో ముసార్ ఉద్యమాన్ని నడిపిన రబ్బీ (యూదు మతగురువు) ఇస్రాయెల్ సలాంటర్ లెఫిన్ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాడు. పనికొచ్చే పద్ధతి ఎవరిదైతేనేం.

మొదటి వారం చుక్కలు ఎక్కువే పడతాయి. కోపం పెరిగిందని కాదు, ఇన్నాళ్లూ కంటికి ఆననివి ఇప్పుడు ఆనుతున్నాయని. చాలామంది ఇక్కడే మానేస్తారు. దీనికి తోడు ఒక చిన్న కట్టుబాటు కూడా పెట్టుకోవాలి. ఎంత చిన్నదంటే, తప్పడానికి సాకు దొరకనంత. మీ విషయంలో అయితే ఇది చాలు: ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగేదాకా స్కూలు మాట ఎత్తకూడదు. 'ఇక ఎప్పుడూ అరవను' అన్న కట్టుబాటు మంగళవారం దాకా కూడా నిలవదు.

12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ అన్ని గుణాల్లోనూ నడిమి దారి పట్టమన్నాడు గానీ, గర్వం, కోపం రెండింటికీ మినహాయింపు ఇచ్చాడు. వాటి నుంచి అవతలి కొస దాకా జరగాలన్నాడు. పిల్లలను దారిలో పెట్టడానికి తప్పదనుకుంటే కోపం పైకి చూపించవచ్చు, లోపల మాత్రం నెమ్మదిగా ఉండాలి అంటాడు. మీకు మీరే పరీక్ష పెట్టుకోవచ్చు. కసురుతుండగా ఫోన్ మోగితే మామూలు గొంతుతో 'హలో' అనగలిగారా, అది చూపించిన కోపం. అనలేకపోయారా, వచ్చిన కోపం.

*మాది నర్సంపేట. కిరాణం నడుపుతాను, సీజన్లో రైతుల దగ్గర పల్లి, మిర్చి కూడా కొంటాను. తూకం, ధర గురించి యూదుల శాస్త్రంలో కచ్చితమైన లెక్కలేమైనా ఉన్నాయా, లేక 'నిజాయితీగా ఉండండి' అనేనా?*

లెక్కలే ఉన్నాయి. సుమారు 1,800 ఏళ్ల కిందట కూర్చిన యూదుల ధర్మసూత్రాల గ్రంథం మిష్నా చిల్లర కొట్టువాడికి ఒక పట్టీయే ఇచ్చింది: కొలపాత్రలు వారానికి రెండుసార్లు కడగాలి, తూకం రాళ్లు వారానికోసారి తుడవాలి, తక్కెడ పళ్లెం ప్రతి తూకానికీ తుడవాలి. ఎందుకో చూడండి. నూనె కొలిచే పాత్రలో అడుగున జిడ్డు పేరుకుంటే కొనేవాడికి ఆ మేరకు తగ్గుతుంది. సరుకు పెట్టే పళ్లేనికి బెల్లం అంటుకుంటే ఆ బరువు తర్వాతి గిరాకీ లెక్కలో పడుతుంది. రాయికి మడ్డి పడితే అమ్మేటప్పుడు నష్టం మీదే. అదే రాయితో రైతు దగ్గర పల్లి తూస్తే నష్టం రైతుది. రాయి ఒకటే, మీరు కాంటాకు ఏ పక్క నిలబడ్డారో దాన్నిబట్టి అది మారుతుంది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా కదా అనొద్దు. ఖాళీ కవరు పెట్టి సున్నా చేశాకే సరుకు పోయాలి, అంకెలు కొనేవాడికి కనబడాలి. మిఠాయి డబ్బా 40 గ్రాములు ఉండి, మిఠాయి కిలో 600 రూపాయలైతే, డబ్బాతో కలిపి తూచినప్పుడల్లా 24 రూపాయలు అట్టముక్కకు వసూలు చేసినట్టే.

ధరకు గీత ఆరో వంతు. చింతపండు బజారు ధర కిలో 180 అనుకుంటే అందులో ఆరో వంతు 30. తెలియక 205కు కొన్నవాడు సర్దుకుపోవాలి. సరిగ్గా 210 అయితే బేరం నిలుస్తుంది, 30 వెనక్కివ్వాలి. 215 అయితే కొన్నవాడు బేరమే రద్దు చేసుకోవచ్చు. అడగడానికి గడువు, సరుకును మరో వ్యాపారికో చుట్టానికో చూపించి కనుక్కునేంతసేపు. భూమికి ఈ లెక్క వర్తించదు. ఎంఆర్‌పీ, తూనికలు కొలతల చట్టం సంగతి వేరు, అవి ఎటూ పాటించాల్సిందే.

మిర్చి విషయానికొస్తే, పప్పుల బుట్టలో పైన కనిపించేవరకే ఏరి శుభ్రం చేయడాన్ని మిష్నా తప్పంటుంది, అది 'కంటిని మోసగించడం' అని. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లే ఎవరికైనా బస్తా మూతి దగ్గరి ఎర్రటి కాయ, అడుగున తాలు గుర్తుకొచ్చి తీరతాయి. ఏరితే బస్తా మొత్తం ఏరాలి, లేదంటే ఉన్నదున్నట్టు కలిపి పోయాలి.

*కొనేది లేకున్నా షాపులో చీరలు తీయించి ధర అడగడం తప్పా?*
— హన్మకొండ

మిష్నా ప్రకారం తప్పే. దాన్ని మాటతో చేసే అన్యాయం కింద లెక్కేసింది. అమ్మేవాడిలో ఆశ లేపి ఉత్త చేతులతో పోవడం అది. నాలుగు షాపులు తిరిగి ధరలు పోల్చుకోవడం మాత్రం ఇందులోకి రాదు, నచ్చితే కొనే ఉద్దేశం నిజంగా ఉంటే. ఆ ఉద్దేశం ఉందో లేదో 30 చీరలు మడతపెట్టే పిల్లకు తెలియదు, మీకే తెలుసు.

*'అన్నం తిని పో' అని మాటవరసకు అనడం కూడా అబద్ధమేనా?*
— కాజీపేట

ఒకసారి అడగడం మర్యాదే. తినడని తెలిసి తెలిసీ బలవంతపెట్టవద్దని, మిష్నా మీద చర్చల గ్రంథమైన తాల్ముద్ అంటుంది. పెట్టని అన్నానికి మెప్పు కొట్టేయడం అవుతుంది కాబట్టి. చెయ్యి పట్టుకుని మూడుసార్లు లాగేముందు పొయ్యి మీద అన్నం ఉందో లేదో చూసుకోవాలన్నమాట.

*మా వాడకట్టు పిల్లగాడికి సంబంధం చూస్తున్నారు. పిల్ల తరఫువాళ్లు నన్ను ఫోన్లో అడిగారు. అతను తాగుతాడని అందరూ అంటారు. చెప్పాలా, ఊరుకోవాలా?*
— జమ్మికుంట

యూదుల లెక్కలో చాడీ అంటే అబద్ధమే కానక్కర్లేదు, ఒకరికి చెరుపు చేసే నిజం కూడా చాడీయే. దాన్ని 'లషోన్ హరా' అంటారు. 1873లో దీని మీద ఒక శాస్త్రగ్రంథమే రాసిన రబ్బీ ఇస్రాయెల్ మేయిర్ కాగన్ అలాగని నోరు మూసుకోమనలేదు. భాగస్వామ్యం, పెళ్లి లాంటి వాటిలో ఎదుటివాళ్లు మునిగిపోతుంటే చెప్పాల్సిందే, ఐదు షరతులతో. తొందరపడి ఇది దోషమని తేల్చకూడదు. ఉన్నదానికి రవ్వంత కూడా కలపకూడదు. పిల్ల బాగు కోసమే చెప్పాలి, పాత పగ తీర్చుకోవడానికి కాదు. చెప్పకుండా పని జరిగే మార్గం ఉంటే అదే పట్టాలి. చెప్పినందువల్ల అతనికి న్యాయంగా రావాల్సిన దానికన్నా ఎక్కువ నష్టం జరగకూడదు.

మీ ప్రశ్నలో కీలకం 'అందరూ అంటారు' అన్న మాట. మీరు చూసింది కాదు. చూడనిది చూసినట్టు చెప్పడం మొదటి షరతు దగ్గరే పోతుంది. ఒకసారి పెళ్లి బరాత్‌లో చూశారనుకోండి, అది ఒకసారే. రోజూ పనికి పోకుండా పడి ఉండటం మీ కళ్లతో చూసి ఉంటే అది వేరు. చూడనప్పుడు ఇలా చెప్పొచ్చు: 'నేను చూడలేదు, కానీ ఈ విషయంలో మీరే బాగా కనుక్కోండి. అతను పనిచేసే చోట అడగండి.' ఆ ఇంటి పాత అప్పులు, వాళ్లక్క విడాకులు ఇందులోకి రాకూడదు. ఫోన్ పెట్టేశాక మీ ఇంట్లోవాళ్లకు 'ఎవరు ఫోన్ చేశారో తెలుసా' అని మొదలుపెట్టడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, నూటికి తొంభైమంది జారేది అక్కడే.

*భూమి పంపకాల్లో హద్దు దగ్గర మా అన్న పాలు నాలుగు గుంటలు నేనే కలుపుకున్నాను. పదేళ్లుగా మాటల్లేవు. క్షమించమని అడగాలనుంది. ఎట్ల అడగాలి?*
— పరకాల

ముందు గుంటలు, తర్వాత మాట. మనిషికి చేసిన తప్పును, యూదులు పాపక్షమాపణ కోసం ఏటా చేసే యోమ్ కిప్పుర్ ఉపవాసం కూడా తుడవదు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా. మైమొనిడీస్ ఇంకా స్పష్టంగా చెప్పాడు: ఇవ్వాల్సింది ఇచ్చేశాక కూడా అడిగి మెప్పించుకోవాల్సిందే. కాబట్టి సర్వేయరును పిలిచి కొలిపించండి, తహసీల్దారు ఆఫీసులో ఆ నాలుగు గుంటల రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పండి. ఇన్నేళ్ల పంట మాట కూడా అన్న ఎత్తకముందే మీరే ఎత్తండి.

అడిగేటప్పుడు 'నా వల్ల ఏమన్నా తప్పు జరిగి ఉంటే' అనొద్దు. ఆ 'ఉంటే'తో మొత్తం చెడుతుంది. 'అన్నా, నీ నాలుగు గుంటలు నేను కలుపుకున్న. తప్పు చేసిన' అనండి, చాలు. తాగి ఉన్నప్పుడు వద్దు, పెళ్లి పందిట్లో నలుగురి ముందు వద్దు, అది ఆయన మెడ మీద కత్తి పెట్టినట్టు. మొదట ఒంటరిగా వెళ్లండి. కాదంటే, ఆయన గౌరవించే ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లండి. అట్లా మూడుసార్లు, ప్రతిసారీ ముగ్గురితో. అప్పటికీ ఒప్పుకోకపోతే ఇక వదిలేయవచ్చు, భారం ఆయనది. ఒకవేళ ఈలోపు ఆయనే పోతే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లి చెప్పుకోమన్నాడు మైమొనిడీస్. గుంటలు మాత్రం ఆయన పిల్లల పేరు మీదికి పోవాలి.