ప్లగ్ పెట్టేముందు ఒకసారి ఇది చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జపాన్‌లో, ఒసాకాలో నీకు ఉద్యోగం ఖాయమైందని ఒక్క ముక్కలో చెప్పేసి, మిగతా గంటంతా నువ్వు అక్కడికెళ్లి పాత వీడియో గేములు కొంటానంటున్నావని గొడవ. ఇప్పటినుంచే లిస్టు రాసుకుంటున్నావట. "ముప్పై ఏళ్లొస్తున్నాయి, పెళ్లి మాట ఎత్తడు, ఈ ఆటలేంటే" అని చివరికి నన్నే తిట్టింది, ఈ పిచ్చి నీకు నా దగ్గరే అంటుకుందని. నిజమే అయ్యుండొచ్చు. నాకైతే చాలా సంతోషమేసింది, దాని వెనకే భయమూ వేసింది. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ లిస్టు పక్కన పెట్టు. ఫామికామ్, సూపర్ ఫామికామ్, మెగా డ్రైవ్, పీసీ ఇంజిన్, సాటర్న్, ఈ గేమ్ మెషీన్లన్నీ ఒకేసారి కావాలంటే మొదటి ఏడాది జీతం వాటికే పోతుంది, ఒక్కటీ తీరిగ్గా ఆడవు. ఒక మెషీన్ కొను. ఓ పది ఆటలు కొను. అవి చివరిదాకా ఆడాక రెండోదాని సంగతి చూడు.

ఏది కొనాలంటే, నింటెండో వాళ్ల ఫామికామ్ అంటాను. 1983 జులైలో 14,800 యెన్లకి వచ్చిన ఆ ఎరుపు తెలుపు డబ్బా కాదు, 1993 డిసెంబరులో వచ్చిన కొత్త మోడల్. పాతదాని నుంచి బొమ్మ యాంటెనా తీగ మీదుగా, టీవీలో ఒకటో ఛానెల్లోనో రెండో ఛానెల్లోనో వస్తుంది. ఊళ్లో ఏ ఛానెల్ ఖాళీగా ఉంటే దానికి మార్చుకోవడానికి వెనక చిన్న స్విచ్ ఉండేది. ఒసాకాలో రెండో ఛానెల్లో ఎన్‌హెచ్‌కే (మన దూరదర్శన్ లాంటిది) వచ్చేది కాబట్టి మేము అక్కడున్నప్పుడు ఒకటి పెట్టుకునేవాళ్లం. 2011లో అక్కడ అనలాగ్ ప్రసారాలు ఆపేశారు, ఇప్పుడొచ్చే టీవీల్లో ఆ సిగ్నల్ పట్టే ట్యూనరే ఉండదు. కొత్త మోడల్‌కి ఆ గొడవ లేదు, సూపర్ ఫామికామ్‌కి వాడే ఏవీ తీగే సరిపోతుంది. పాతదానిలో రెండో కంట్రోలర్‌కి మైకు ఉండేది, జెల్డా అనే ఆటలో పెద్ద చెవుల రాక్షసులొస్తే అందులోకి అరిస్తే చచ్చేవి. కొత్తదానిలో ఆ మైకు లేదు. నాకు అదొక్కటే బాధ.

ఫామికామే ఎందుకంటున్నానో నీకు తెలియదు. మేము అక్కడికెళ్లిన కొత్తలో మీ బాబాయ్ పొద్దున్న ఏడింటికి వెళితే రాత్రి పదింటికి వచ్చేవారు. నాకు జపనీస్ ముక్క రాదు. పక్కింట్లో ఆరో తరగతి పిల్లాడు. వాళ్ల నాన్న వాడికి ప్లేస్టేషన్ కొనిచ్చాడు, పాత ఫామికామ్‌నీ ఓ అట్టపెట్టెడు కాసెట్లనీ వాళ్లమ్మ నాకు ఇచ్చేసింది. పారేయడానికి మనసొప్పక ఇచ్చిందనుకుంటా. అందులో డ్రాగన్ క్వెస్ట్ ఉంది, 1986లో వచ్చిన మొదటిది. ఆ రోజుల్లో కాసెట్లో చోటు ఎంత తక్కువంటే కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, పట్టదు, విదేశీ మాటలకి వాడే కటకానా అక్షరాలు కూడా అన్నీ పట్టక కొన్నిటినే పెట్టారు. మాటలు దాదాపు అన్నీ అక్కడి పిల్లలు మొదట నేర్చుకునే హిరగానాలోనే, మధ్యమధ్యలో ఖాళీలతో. బాలశిక్షలాంటి పుస్తకం దొరికినట్టే నాకు. ఊళ్లో ఒక్కో మనిషి దగ్గరికీ వెళ్లి, వాడు చెప్పింది కాగితం మీద రాసుకుని, సాయంత్రం పక్కింటావిడకి చూపించి అర్థం అడిగేదాన్ని. ఆవిడ నవ్వేది, చెప్పేది, టీ పెట్టేది. నేను కూరగాయల కొట్లో మాట్లాడటం నేర్చుకుంది అలాగే. ఆటలో రాజుగారితో మాట్లాడే భాష కొన్నిసార్లు కూరగాయలతనితోనూ మాట్లాడాను, అతను మర్యాదగానే విన్నాడు.

ఆ ఆటలో సేవ్ చేసుకోవడం లేదు. ఆపేటప్పుడు రాజుగారు ఒక మంత్రం చెబుతాడు, హిరగానా అక్షరాల వరస. మర్నాడు దాన్ని తప్పులేకుండా కొడితే ఆగినచోట మొదలవుతుంది. రెండో భాగానికొచ్చేసరికి ఆ మంత్రం 52 అక్షరాల దాకా ఉండేది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా తీసుకోదు. నేను గీతల పుస్తకంలో రాసుకునేదాన్ని, ప్రతి అక్షరం రెండుసార్లు సరిచూసుకుని. నువ్వు కూడా ఆ ఆటతోనే మొదలుపెట్టు. ఆఫీసులో ఇంగ్లీషుతో సరిపోతుందని అనుకోకు. ఆ దేశంలో నువ్వు ఒక్కడివే ఉండబోతున్నావు. పక్కింటివాళ్లతో రెండు మాటలు మాట్లాడగలిగితే నాకు ధైర్యం.

కొనడానికి ఒసాకాలో నిప్పొన్‌బాషి వైపు వెళ్లు. డెన్‌డెన్ టౌన్ అంటారు, నంబా నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. టోక్యోలో అకిహబారాకి టూరిస్టులు ఎక్కువ, ధరలూ అలాగే ఉంటాయి. ఊరి బయట హార్డ్ ఆఫ్ అని పాత సామాన్లు అమ్మే షాపులుంటాయి, అక్కడ ప్లాస్టిక్ బుట్టల్లో "జంక్" అని కుప్పపోసి పెడతారు. పనిచేస్తుందన్న హామీ లేదు, తిరిగి తీసుకోరు. కాసెట్లకైతే ఆ బుట్టలే బంగారం, మురికి తుడిస్తే చాలావరకు పనిచేస్తాయి. మెషీన్ మాత్రం అందులో కొనకు. పని చేస్తున్నట్టు పరీక్షించామని చీటీ ఉన్నదే తీసుకో. పెట్టె, పుస్తకం అన్నీ ఉన్నవాటికి ఎన్నో రెట్లు ధర. నీకు ఆడుకోవడానికైతే ఉత్త కాసెట్ చాలు. ఫామికామ్‌కి తగిలించే డిస్క్ సిస్టమ్ జోలికి ఇప్పుడే వెళ్లకు, లోపలి రబ్బరు బెల్టు జిగురుగా కరిగిపోయి ఉంటుంది.

కాసెట్ వెనక్కి తిప్పి చూస్తే చాలావాటిమీద మార్కరుతో ఒక పేరు రాసి ఉంటుంది. ఆ కాలం పిల్లలు స్నేహితుల ఇళ్లకి పట్టుకెళ్లేవాళ్లు, కలిసిపోకుండా రాసుకునేవాళ్లు. ఇప్పుడు కొనేవాళ్లు దాన్ని స్పిరిట్‌తో చెరిపేస్తున్నారు, విలువ తగ్గుతుందని. నువ్వు చెరపకు. అది ఎవరో ఒక పిల్లాడి చేతిరాత. పచ్చబడ్డ ప్లాస్టిక్‌ని పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి తెల్లగా చేయడం కూడా వద్దు. కొన్నాళ్లకి మళ్లీ పచ్చబడుతుంది, మచ్చలు కూడా పడొచ్చు.

కాసెట్లోకి నోటితో ఊదకు. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పిన్నులు తుడువు, అంతే.

సేవ్ ఉండే కాసెట్లలో చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032. ముప్పై ఏళ్ల తర్వాత కూడా కొన్నిటిలో ఇంకా బతికే ఉంటుంది. కొన్నాక ముందు ఆన్ చేసి పాత సేవ్ ఉందేమో చూడు. ఎవరిదో పేరు, ఎక్కడిదాకా ఆడారో కనిపిస్తుంది. నాకు అలాంటివి దొరికాయి, చెరపబుద్ధి కాలేదు. బ్యాటరీ తీసిన క్షణం అదంతా పోతుంది. అది టంకం వేసి ఉంటుంది కాబట్టి మార్చడం నీ వల్ల కాదు, చేతులు కాల్చుకుంటావు. షాపులో ఇవ్వు.

ఇక అసలు విషయం. దీనికోసమే ఈ ఉత్తరం.

అక్కడి కరెంటు 100 వోల్టులు. మనది 230. అక్కడ ఉన్నంతకాలం నీకు ఇబ్బంది లేదు. కానీ నువ్వు సంక్రాంతికి వస్తూ మీ అమ్మకి చూపించాలని దాన్ని తెస్తావు. తప్పకుండా తెస్తావు, నీ గురించి నాకు తెలుసు. అప్పుడేం జరుగుతుందో నేను చూశాను. నువ్వూ చూశావు, నీకు నాలుగేళ్లు, గుర్తుండదు.

ఆ వేసవికి నేను గుడివాడకి సూపర్ ఫామికామ్ తెచ్చాను, పిల్లలందరూ ఆడుకుంటారని. మన కరెంటుని 100 వోల్టులకి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒకటి కొన్నాను. ఇనుప డబ్బా, బరువు, ఆన్ చేస్తే గుయ్యిమని మోగేది. మన టీవీ అదృష్టం కొద్దీ జపాన్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్ కూడా చూపించేది. రోజూ భోజనాలయ్యాక మీరంతా దాని ముందే. ఓ రోజు నేనూ మీ అమ్మా బందరులో పెళ్లికి వెళ్లాం. నువ్వు ఆడతానని ఏడుపు. తాతయ్యకి నీ ఏడుపు చూస్తే ఆగదు కదా. ఆ ఇనుప డబ్బా మోత చూసి అది పాడైందనుకున్నారు. తీసి పక్కన పెట్టి, జపాన్ అడాప్టర్‌కి ఉండే రెండు చదును పిన్నుల్ని మల్టీప్లగ్‌లో పెట్టి, నేరుగా గోడలో పెట్టేశారు.

కాసేపు ఆడిందట కూడా. తర్వాత వాసన. తర్వాత పొగ. అడాప్టర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండింతలకి మించి వోల్టేజీ వెళితే అది వేడెక్కి కాలిపోతుంది, ఈలోపు 10 వోల్టులు రావాల్సిన చోట ఇరవై దాటి మెషీన్లోకి వెళతాయి. నువ్వు దాని పక్కనే బోర్లా పడుకుని ఆడుతున్నావు. తాతయ్య నిన్ను చంకనేసుకుని వసారాలోకి పరిగెత్తి, మళ్లీ లోపలికెళ్లి మెయిన్ తీసేశారట. మేము వచ్చేసరికి నువ్వు నిద్రపోయావు. ఆయన నీ మంచం పక్కన కూర్చుని ఉన్నారు. "పిల్లాణ్ణి చంపేసేవాణ్ణమ్మా" అన్నారు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. నేను ఏదో సర్దిచెప్పాను. పొద్దున్న లేచి చూస్తే మెషీన్ లేదు. తెల్లారగానే పాత సామాన్లవాడికి ఇచ్చేశారు, అది ఇంట్లో కనబడితే భరించలేక.

అసలు పొరపాటు అదీ నాన్నా, ప్లగ్ పెట్టడం కంటే పెద్దది. చాలా ఏళ్ల తర్వాత నిప్పొన్‌బాషిలో ఓ రిపేరతను చెప్పాడు, సూపర్ ఫామికామ్ బోర్డు మీద చిన్న ఫ్యూజు ఉంటుందని, ఇలాంటప్పుడు చాలాసార్లు అదొక్కటే పోయి మిగతాది బతుకుతుందని. మనదీ అంతే అయ్యుండొచ్చు. విప్పి చూసే అవకాశమే లేకపోయింది. ఆయనకి ఈ మాట చెప్పడానికి అప్పటికే ఆయన లేరు. కాబట్టి ఏదైనా ఆగిపోతే పారేయకు, ఎవరికీ ఇచ్చేయకు. తెలిసినవాళ్ల చేత విప్పించి చూపించు.

నువ్వు పదో తరగతి దాకా టీవీ ప్లగ్ పెట్టాలన్నా ఎవరినైనా పిలవాల్సి వచ్చేది గుర్తుందా? తాతయ్య చాదస్తమని విసుక్కునేవాడివి. కారణం ఇదే. ఆ పొగ గొడవ తర్వాతే ఆయన బెజవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్లి నీకు టీవీ గేమ్ కొనుక్కొచ్చారు. మన కరెంటుతో నడిచేదేనా అని షాపులో పదేపదే అడిగారట. ఆ పసుపు కాసెట్లు అటక మీద ఇంకా ఉన్నాయి. అవి ఫామికామ్ కాసెట్లకి నకళ్లే, అదే సైజు, అవే 60 పిన్నులు. నీకు ఈ ఇష్టం అసలు అక్కడ మొదలైంది. మీ అమ్మ అటక శుభ్రం చేయిస్తానంటోంది, వాటిని ముట్టుకోవద్దని చెప్పాను.

అడాప్టర్ల విషయంలో ఇంకొకటి. పిన్ను పట్టింది కదా అని ఏదీ పెట్టకు. ఫామికామ్‌కి, సూపర్ ఫామికామ్‌కి ఒకటే అడాప్టర్, 10 వోల్టుల డీసీ, పిన్ను మధ్యలో నెగటివ్. ఫామికామ్‌కే అమెరికా మోడల్ ఎన్‌ఈఎస్, దాని అడాప్టర్ ఏసీ ఇస్తుంది, ఫామికామ్‌కి పెడితే పాడవుతుంది. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి మధ్యలో నెగటివ్, రెండోదానికి పాజిటివ్. లేబుల్ మీద బొమ్మ వేసి ఉంటుంది, చూడు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఎవరైనా ఉచితంగా ఇస్తే తీసుకో, ఆ ఆటలు దానిమీదే బాగుంటాయి. కానీ వెనక మూత మాత్రం విప్పకు. ప్లగ్ తీసేసినా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఇది నామీద ఒట్టు.

డబ్బు గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. నేను ఒక్కటే అంటాను, క్రెడిట్ కార్డు మీద ఆటలు కొనకు. జీతంలోంచి నెలకింత అని పెట్టుకో, అది అయిపోతే వచ్చే నెల దాకా ఉన్నవాటినే ఆడు.

వీలు చూసుకుని క్యోటో పక్కనున్న ఉజి వెళ్లు. 2024 అక్టోబరులో అక్కడ నింటెండో మ్యూజియం తెరిచారు, ఒసాకా నుంచి రైల్లో వెళ్లిరావచ్చు. టికెట్ ముందే తీసుకోవాలి. ఫామికామ్‌ని తయారుచేసిన ఉఎమురా మసయుకి గారు తర్వాత క్యోటోలో రిత్సుమేకన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2021లో పోయారు. ఒక్కసారైనా వెళ్లి ఆయన పాఠం వినాలని నాకు ఉండేది, కుదరలేదు. నువ్వు అక్కడ ఉన్నప్పుడు ఇలాంటివి వాయిదా వెయ్యకు.

వేళకి తిను. రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున్న ఆఫీసులో నిద్రపోకు. మెషీన్ కొన్న రోజు అడాప్టర్ లేబుల్ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. నేను సరేనన్నాకే ప్లగ్ పెట్టు. అర్ధరాత్రయినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పిన్ని