పచుకా క్లబ్బు కథ రాయబోతున్న మనవరాలికి

చి. మనవరాలికి,

తాతయ్య దీవెనలు. నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. మెక్సికో సిటీలో ఉద్యోగం కుదురుకుందనీ, ఆదివారాలు పచుకా వెళ్ళి అక్కడి పాత ఫుట్‌బాల్ క్లబ్బు గురించి తెలుగులో రాద్దామనుకుంటున్నావనీ చదివి చాలా సంతోషపడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. అది ఫోనులో తేలే సంగతి కాదనిపించి కాగితం ముందేసుకున్నాను. నెమ్మదిగా చదువుకో.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ ఊరికీ మన ఊరికీ చుట్టరికం ఉంది తల్లీ. పచుకా పక్కన కొండ మీద రియల్ డెల్ మోంటే అనే వెండి గనుల ఊరు ఉంది. 1824లో ఆ గనుల కోసం లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. దాన్ని ముందుండి నడిపించినవాడు జాన్ టేలర్. 1880లో మన కోలారు బంగారు గనుల్లో అడుగుపెట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ ఆయన కుటుంబం కంపెనీయే. అక్కడికీ ఇక్కడికీ ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి గనిపని తెలిసినవాళ్ళను తెచ్చింది ఆ కుటుంబమే. నేను చిన్నప్పుడు సైనైడు దిబ్బల (బంగారం తీశాక మిగిలిన గని మట్టి గుట్టల) పక్కన చెప్పుల్లేకుండా బంతి తన్నిన మైదానం, నువ్వు చూడబోయే మైదానం ఒకే వంశానివి. అందుకే నీ కబురు చదివాక నాకు నిద్ర పట్టలేదు.

మా గని జట్టు కథ రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అందులో ఒక తప్పు చేశాను. జట్టు ఎప్పుడు పుట్టిందో ఎవరూ గట్టిగా చెప్పకపోతే, ఒక కప్పు మీద చెక్కిన సంవత్సరం చూసి అదే రాసేశాను. పుస్తకం అచ్చయ్యాక ఒకాయన ఇంటికి వచ్చి పాత ఫొటో నా చేతిలో పెట్టాడు. వెనక పెన్సిలుతో రాసిన తేదీ, నేను రాసినదానికి ఏడేళ్ళ ముందుది. ఆ కప్పు టోర్నమెంటు పెట్టిన ఏడాదిది, జట్టు పుట్టిన ఏడాదిది కాదు. ఆ ఫొటోలో పదకొండు మంది ఉన్నారు, వాళ్ళలో ఒకరు ఆయన నాన్న. ఆ పదకొండు మందిలో ఒక్కరి పేరు కూడా నా పుస్తకంలో లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ కాఫీ గ్లాసు నాకు గుర్తొస్తుంది.

కాబట్టి నా మొదటి మాట ఇదే. 'తొలి' అనే మాటతో కథ మొదలుపెట్టకు. పచుకాలో దిగగానే ఆ మాట నీకు ఎదురొస్తుంది. మెక్సికో ఫుట్‌బాల్‌కు ఊయల తమ ఊరే అని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. రియల్ డెల్ మోంటే వెళితే, దేశంలో తొలి ఆట మా డోలొరెస్ గని ప్రాంగణంలోనే జరిగింది అంటారు. ఒరిసాబా అనే ఇంకో ఊరు వెళితే తొలి లీగు గెలిచింది మేమే అంటారు, అది నిజం కూడా. మెక్సికో సిటీలో రిఫార్మా క్లబ్బు 1894లోనే పెట్టారు. అందరి మాటా రాసుకో, ఎవరినీ కాదనకు, కానీ తీర్పరిగా కూర్చోకు. ఎవరు ముందు అని తేల్చే పనిలో పడితే, ఎలా మొదలైంది అనేది చేజారిపోతుంది.

పచుకా క్లబ్బుకు 1901 నవంబరు 28 పుట్టినరోజు అంటారు. 1892 అని రాసేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండింటి మధ్య తికమక పడకు. ఈ క్లబ్బు ఒక కలయికలోంచి వచ్చింది. పచుకా ఫుట్‌బాల్ క్లబ్బు, పచుకా క్రికెట్ క్లబ్బు, వెలాస్కో క్రికెట్ క్లబ్బు, ఈ మూడూ కలిసి పచుకా అథ్లెటిక్ క్లబ్బు అయ్యాయి. మూడింట్లో రెండు క్రికెట్ క్లబ్బులు! మన తెలుగువాళ్ళకు ఈ ఒక్క ముక్క చెప్పు, చెవులు నిక్కబొడుచుకుని వింటారు. క్రికెట్ బ్యాటు పట్టిన చేతులు ఫుట్‌బాల్ వైపు ఎందుకు తిరిగాయి? ఆ ప్రశ్న నీ కథలో తేదీల కంటే ముందు రావాలి.

దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. చాలామంది దీన్ని దాటేస్తారు. ఆ గనివాళ్ళలో ఎక్కువమంది కార్న్‌వాల్‌లోని కాంబోర్న్, రెడ్రూత్ చుట్టుపక్కలవాళ్ళు. ఆ ఊళ్ళలో ప్రాణం పెట్టేది రగ్బీకి. ఆ రోజుల్లో 'ఫుట్‌బాల్' అని రాస్తే అది చేత్తో పట్టుకునే ఆట కూడా కావచ్చు. కాబట్టి పాత పేపర్లో ఆ మాట కనబడగానే సంబరపడి రాసేయకు. గోల్స్ లెక్క ఉందా, ఎంతమంది ఆడారు, ఏ నియమాలతో ఆడారు అని కింది వాక్యాలు చూడు. అవి లేకపోతే, ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టు. అందులో నామోషీ ఏమీ లేదు.

పాత పేపరు అన్నాను కదా, మెక్సికో సిటీ నుంచి ద మెక్సికన్ హెరాల్డ్ అనే ఇంగ్లీషు దినపత్రిక 1895 నుంచి 1915 దాకా వచ్చింది. అక్కడి ఇంగ్లీషువాళ్ళ ఆటపాటలు అందులో ఉంటాయి. అది చదువుతూ ఒకటి గుర్తుంచుకో. ఆ పేపరు ఎవరి కోసం వచ్చిందో వాళ్ళ పేర్లే అందులో ఎక్కువగా ఉంటాయి. మైదానం చుట్టూ నిలబడి చూసిన మెక్సికన్ కుర్రాళ్ళు అందులో కనబడరు. వాళ్ళను వేరే చోట వెతుక్కోవాలి. పచుకాలో గనుల పాత రికార్డులు దాచిన చారిత్రక ఆర్కైవు, మ్యూజియం ఉన్నాయి. జీతాల పుస్తకాలు చూపించమని అడుగు. ఆటగాడి పేరు పేపర్లో దొరికితే, అదే పేరు జీతాల పుస్తకంలో ఏ పనికి ఎదురుగా ఉందో చూడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 'కార్నిష్ గని కార్మికులు ఈ క్లబ్బు పెట్టారు' అని అందరూ ఒకే వాక్యం రాస్తారు. గనిలో అందరూ ఒకటి కాదమ్మా. మా దగ్గర దొర వేరు, మేస్త్రీ వేరు, చీకట్లో రాయి కొట్టేవాడు వేరు. అక్కడ కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు చాలావరకు పంపులూ ఆవిరి ఇంజన్లూ నడిపేవాళ్ళు, పని చేయించేవాళ్ళు. లోపల గడ్డపారతో రాయి పగలగొట్టిన బరెటెరోలు మెక్సికన్లు. అదే రియల్ డెల్ మోంటేలో 1766లోనే కూలిలో కోత పెట్టారని సమ్మె చేసినవాళ్ళ సంతతి వాళ్ళు. ఇద్దరూ ఒకే గనిలో దిగారు, కానీ సాయంత్రం మైదానంలో మొదట్లో ఆడింది ఆ వచ్చినవాళ్ళే. ఈ తేడా రాయకపోతే, తర్వాత ఏం మారిందో చదివేవాళ్ళకు అర్థం కాదు.

ఆ పంపులు అక్కడికి ఎలా చేరాయో మాత్రం తీరిగ్గా రాయి. 1825లో సుమారు 1500 టన్నుల సామాను వెరాక్రూజ్ తీరంలో దిగింది. పచ్చజ్వరం పట్టుకుని ఆ తీరంలోనే ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్ళు కంచరగాడిదలతో, బళ్ళతో ఆ ఇనుమును 2,700 మీటర్ల ఎత్తున్న ఊరికి లాగారు. దాదాపు ఏడాది పట్టింది. ఇంత చేసినా ఆ కంపెనీ నష్టపోయి 1849లో గనులు మెక్సికన్లకు అమ్మేసింది. కంపెనీ పోయింది, మనుషులు ఉండిపోయారు. వాళ్ళ పిల్లలు, తర్వాత కార్న్‌వాల్ నుంచి వస్తూనే ఉన్న బంధువులు, వీళ్ళే ఆ క్లబ్బు. ఫుట్‌బాల్ కథలో ఇదంతా ఎందుకు అని ఎవరైనా అడిగితే పట్టించుకోకు. గని ఆడకపోతే బంతి కదలదు.

ఇక లీగు సంగతి త్వరగా చెప్పేయొచ్చు. 1902లో ఐదు జట్లతో అమెచ్యూర్ లీగు మొదలైంది. ఒరిసాబా, రిఫార్మా, పచుకా, బ్రిటిష్ క్లబ్, మెక్సికో క్రికెట్ క్లబ్. మొదటి ఏడాది గెలిచిన ఒరిసాబా వాళ్ళు గోనె నార మిల్లులో పనిచేసే స్కాట్లాండ్ మనుషులు. పచుకా 1904-05లో గెలిచింది. టవర్ కప్పు అని ఇంకో పోటీ వచ్చింది, 1907-08లో దాన్నీ గెలిచింది. ఎవరికీ జీతం లేదు. ఈ అంకెలన్నీ ఒక పేరాలో పెట్టు, అంతకుమించి చోటు ఇవ్వకు.

చోటు ఇవ్వాల్సింది 1908కి. ఆ ఏడాది డేవిడ్ ఇస్లాస్ అనే మెక్సికన్ పచుకా జట్టులో ఆడాడు. ఇంగ్లీషువాళ్ళ లీగులో ఆడిన మొదటి మెక్సికన్‌గా ఆయన పేరు చెబుతారు. ('మొదటి' వద్దన్నాను, నాకు తెలుసు. ఇక్కడ మాత్రం ఆ మాటకు బరువుంది.) కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ క్రోల్ అనే ఆటగాడు స్థానికులను జట్టులోకి తేవడంలో ముందున్నాడు. బంతిని గాల్లోకి తన్ని వెంట పరిగెత్తడం మాన్పించి, ఒకరికొకరు అందించుకునే ఆట నేర్పాడని చెబుతారు. 1935లో మెక్సికో జాతీయ జట్టుకు శిక్షకుడు కూడా అయ్యాడు.

నీ పుస్తకంలో సగం ఇక్కడే ఉండాలని నా కోరిక. 1910 నవంబరులో విప్లవం మొదలైంది. 1914లో ఐరోపాలో యుద్ధం వచ్చి ఇంగ్లీషు కుర్రాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. అప్పుడు క్లబ్బు మూతపడాలి కదా? పడలేదు. 1915 నాటికి జట్టులో ఎక్కువమంది మెక్సికన్లే. 1917-18లో, మళ్ళీ 1919-20లో లీగు గెలిచారు. ఒకప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాళ్ళే ఆ కప్పు ఎత్తారు. చాలా వ్యాసాలు 1901 నుంచి ఒక్క దూకుతో ఇవాళ్టి స్టేడియం దగ్గర దిగుతాయి. ఈ పదేళ్ళు ఎగిరిపోతాయి. నువ్వు అలా చేయకు. వాళ్ళ పేర్లు ఎన్ని దొరికితే అన్ని రాయి, స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకో. పేరు తప్పు పడితే ఆ ఇంట్లోవాళ్ళకు ఎంత బాధో నేను చూశాను.

1920ల మొదట్లో ఆ క్లబ్బు ఆగిపోయింది. 1950లో రెండో డివిజన్ పెట్టినప్పుడు పచుకా పేరుతో మళ్ళీ జట్టు దిగింది. ఇప్పుడు 'తూసోస్' అని పిలిచే ప్రొఫెషనల్ క్లబ్బు ఆ దారిలో వచ్చిందే. మధ్యలో ఆ ఖాళీని దాచకు. ఆగిందని రాస్తే క్లబ్బు పరువు పోదు.

ఇక వెళ్ళే పద్ధతి. ముందు స్టేడియానికీ, ఫుట్‌బాల్ మ్యూజియానికీ వెళ్ళకు. అవి బాగుంటాయి, కానీ అన్నీ సర్దిపెట్టి చూపిస్తాయి. నేరుగా రియల్ డెల్ మోంటే ఎక్కు. గాలి పలచగా ఉంటుంది, మొదటి రోజు పరుగులు పెట్టకు. ఊరి మీద ఇంగ్లీషువాళ్ళ శ్మశానం ఉంది. సమాధులన్నీ ఇంగ్లండు వైపు తిరిగి ఉంటాయని చూపించేవాళ్ళు చెబుతారు. అది విను. తర్వాత ఒక్కదానివే నడుస్తూ ఇంటిపేర్లు నోట్‌బుక్కులో రాసుకో. ఆ పేర్లలో కొన్ని తర్వాత జట్టు జాబితాల్లో కనబడితే, ఆ రోజు నీకు కలిగే ఆనందం వేరు. నేను రుచి చూశాను.

అక్కడ పాస్తే అని అమ్ముతారు. కార్న్‌వాల్ గనివాళ్ళ తిండి, మన కజ్జికాయను అరచేయంత చేసి, అంచు అలాగే మడిచి, లోపల మాంసం, బంగాళాదుంప పెట్టినట్టుంటుంది. అక్కడివాళ్ళు మిరపకాయలూ, మోలే అనే చిక్కటి మసాలా పులుసూ కూడా పెడతారు. ఆ దుకాణాల్లో కూర్చో. ముసలివాళ్ళు వస్తారు. రికార్డర్ వెంటనే బయటికి తీయకు. ముందు ఇద్దరు ముగ్గురి దగ్గర ఊరికే కూర్చుని, మా తాత కూడా గనిలో పనిచేశాడు అని చెప్పు. అది అబద్ధం కాదు కదా. గనివాళ్ళు గనివాళ్ళకు తలుపు తీస్తారు, ఏ దేశమైనా. నీ స్పానిష్ తడబడినా ఏం కాదు.

ఎవరు ఏం చెప్పినా తేదీ, చోటు, చెప్పినవారి వయసు రాసుకో. రెండు మాటలు పొసగకపోతే రెండూ పెట్టు. నీకు నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆగు.

పచుకాకు గాలి ఊరని పేరు. ఆ గాలిలో బంతి ఎటు పోతుందో ఒక సాయంత్రం నిలబడి చూడు, ఏ పేపర్లోనూ దొరకదు అది.

నాకు ఒక పని చేసిపెట్టు తల్లీ. డోలొరెస్ గని ప్రాంగణానికి వెళ్ళినప్పుడు, ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు వేసి లెక్కపెట్టి రాయి. అక్కడ పదకొండు మంది చొప్పున రెండు జట్లు పట్టేవా, లేక ఆరుగురేసి ఆడుకున్నారా అని నాకు చాలా రోజులుగా తెలుసుకోవాలని ఉంది. మా పాత మైదానం గోలు నుంచి గోలు దాకా నా అడుగుల్లో నూట ఇరవై రెండు. నీ అడుగు నాకంటే చిన్నది, ఆ సంగతి కూడా రాయి.

ఇట్లు,
మీ తాతయ్య